అప్‌డేట్: ఎర్రనేలలో డిటెక్టర్ ఊరికే మోగడం ఆగింది

ఇనుము ఎక్కువున్న ఎర్రనేలలో నాణేలు వెతికే మెటల్ డిటెక్టర్ ఊపిన ప్రతిసారీ ఎందుకు మోగుతోందని అడిగాను కదా, సంగతి తేలింది. యంత్రం బాగానే ఉంది. గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల నుంచి వచ్చే సిగ్నల్‌ను పట్టించుకోకుండా యంత్రాన్ని సరిచేయడం) చేసిన చోటే తప్పు. అడుగున మేకు ఉన్న చోట బ్యాలెన్స్ చేస్తే లెక్కంతా తారుమారవుతుంది. ముందు నాలుగు వైపులా ఊపి, లోహం లేని చోటు చూసుకోవాలి. అక్కడ కాయిల్‌ను (కర్ర చివర నేలమీద ఊపే పళ్లెం లాంటి భాగం) నేలకు 3 సెం.మీ. నుంచి 20 సెం.మీ. ఎత్తు వరకు పైకీ కిందికీ ఆడిస్తూ, ఎత్తినా దింపినా శబ్దం ఒకేలా ఉండేదాకా సరిచేయాలి. మట్టి రంగు మారిందా, మళ్లీ మొదటి నుంచి.

సెన్సిటివిటీ (యంత్రం ఎంత సన్నని సిగ్నల్‌నైనా పట్టే చురుకు) పూర్తిగా పెంచడం మరో పొరపాటు. నేల సిగ్నల్ కూడా అంతే పెరుగుతుంది, నాణెం శబ్దం అందులో మునిగిపోతుంది. గరగర ఆగేదాకా తగ్గించండి, అప్పుడే లోతున్నది వినబడుతుంది. చిన్న డబుల్-డి కాయిల్ (లోపల D ఆకారపు తీగచుట్టలు రెండు ఉన్నది) వేస్తే అది ఒకేసారి చూసే మట్టి తగ్గుతుంది, నేల సిగ్నల్ కూడా తగ్గుతుంది. ఊపు చివర కాయిల్ పైకి లేవనివ్వకండి, దొంగ మోతలు ఎక్కువగా అక్కడే.

సముద్రపు తడి ఇసుకకు మాత్రం ఇది చాలదు. ఉప్పునీరే కరెంటును మోస్తుంది కాబట్టి అక్కడ మల్టీ ఫ్రీక్వెన్సీ (ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలతో పనిచేసేది) లేదా పల్స్ ఇండక్షన్ (విడివిడి కరెంటు పల్స్‌లతో పనిచేసేది) యంత్రం కావాలి.