మెద్వేద్‌లోని వకారం ఎక్కడిది?

రష్యన్‌లో ఎలుగుబంటిని ‘మెద్వేద్’ అంటారు. అందులోని ‘వేద్’ను మన విద్ ధాతువుతో కలిపి, ‘తేనె జాడ తెలిసినది’ అని నిన్న ఒక సభ్యులు చెప్పిన అర్థం వినసొంపుగానే ఉన్నది గాని, వ్యుత్పత్తి అది కాదు. ‘తెలియు’ అనే అర్థంలో వేద్ ధాతువు రష్యన్‌లో నిజంగానే ఉండడం వల్ల, ఆ భాష మాట్లాడేవారు సైతం ఇలాగే పొరబడుతుంటారు.

మాటను విడగొట్టవలసిన చోటు వేరు. రష్యన్, పోలిష్ వంటి భాషలకు మూలమైన ప్రాచీన స్లావ్ భాషలో తేనె పేరు ‘మెదు’. దాని చివరన ఉన్నది హ్రస్వమైన ఉకారం. తినడమనే అర్థమున్న ధాతువు ‘ఏద్’. ఈ రెండూ కలిసినప్పుడు, గురు + ఆజ్ఞ గుర్వాజ్ఞ అయినట్టే, ఉకారం వకారమై ‘మెద్వేద్’ ఏర్పడింది. బడిలో మనం వల్లించిన యణాదేశ సంధి తీరే ఇది. కనుక ఆ వకారం తేనెకు చెందినదే తప్ప తెలివికి చెందినది కాదు, అసలు అర్థం ‘తేనె తినేది’. సంస్కృతంలో మధు శబ్దమూ, ‘తిను’ అనే అర్థమున్న అద్ ధాతువూ కలిసిన ‘మధ్వద’ అనే సాటి పదం ఋగ్వేదం మొదటి మండలం 164వ సూక్తంలో కనిపిస్తుంది, అయితే అక్కడ తేనె తినేవి పక్షులు. మన అన్నం కూడా ఆ అద్ ధాతువు నుంచే వచ్చింది.

ఎలుగుకు సంస్కృతంలో ఋక్షమనీ గ్రీకులో ఆర్క్‌తోస్ అనీ నిలిచిన పాత పేరు స్లావులకు మిగలలేదు. పేరెత్తితే మృగం వస్తుందన్న జంకుతో దానిని విడిచిపెట్టారని పండితులు సాధారణంగా చెబుతారు. పాము కరిచిందనడానికి ‘పురుగు ముట్టింది’ అనే మనవాళ్ళకు ఈ జంకు కొత్తది కాదు.

తర్వాతి కాలంలో ఒక్కో భాష ఈ మాటను ఒక్కో తీరున మలచుకున్నది. పోలిష్‌లో తొలి మకారం నకారమైతే, ఉక్రేనియన్‌లో అక్షరాలు తారుమారై ‘వెద్మీద్’ అయింది. తేనె మాత్రం రష్యన్‌లో ‘మ్యోద్’గా, చెక్, సెర్బియన్, బల్గేరియన్ భాషలలో ‘మెద్’గా నిలిచింది. రష్యన్‌లోనూ పోలిష్‌లోనూ ఆ ఒక్క మాటే తేనెనూ, తేనెను పులియబెట్టి చేసే మద్యాన్నీ సూచిస్తుంది. మన ‘మధువు’కూ ఈ రెండర్థాలూ ఉన్నవి.

‘తేనె’ను మాత్రం ఈ వంశంలో చేర్చకూడదు. తమిళంలోని ‘తేన్’, కన్నడంలోని ‘జేను’ దాని తోబుట్టువులు.