సెల్ఫ్ కొడితే 'టక్' అంటోంది, ఇంజన్ తిరగట్లేదు

ప్రశ్న:
45 హెచ్‌పీ ట్రాక్టర్. తాళం తిప్పితే సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) దగ్గర ఒకే ఒక్క 'టక్', అంతే. బ్యాటరీ వేసి ఆరు నెలలే. మీటర్‌లో 12.5 వోల్టులు చూపిస్తోంది, హెడ్‌లైట్లు బాగానే వెలుగుతున్నాయి. సెల్ఫ్ విప్పి తీసుకెళ్లే ముందు ఇంటి దగ్గర చూడదగ్గవి ఏమున్నాయి?

జవాబు 1:
అప్పుడే విప్పకండి. లైట్లకు పదో పదిహేనో ఆంపియర్లు చాలు, డీజిల్ ఇంజన్ సెల్ఫ్‌కు వందల్లో కావాలి. అందుకే ఊరికే ఉన్నప్పటి 12.5ను నమ్మడానికి లేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ అందుకోకుండా స్టాప్ నాబ్ లాగి ఉంచండి. ఒకరు తాళం తిప్పి పట్టుకుంటే (5 సెకన్లు మించొద్దు) మీటర్ ప్రోబులు బ్యాటరీ సీసం పోస్టుల మీదే ఆనించండి, క్లాంపుల మీద కాదు. 9.6 కిందికి పడితే బ్యాటరీని అనుమానించాలి.

పడకపోతే ఒక ప్రోబు నెగటివ్ పోస్టు మీద, రెండోది సెల్ఫ్ బాడీ మీద పెట్టి మళ్లీ తిప్పించండి. 0.5 వోల్టు దాటితే ఎర్త్ దారి (బ్యాటరీ నెగటివ్‌ను ఛాసిస్ మీదుగా సెల్ఫ్‌కు కలిపే దారి) బాగాలేదు. పాజిటివ్ పోస్టు నుంచి సొలినాయిడ్ (సెల్ఫ్ మీదుండే అయస్కాంత స్విచ్) మీద బ్యాటరీ వైరు వచ్చే పెద్ద బోల్టు దాకా కూడా ఇదే లెక్క.

జవాబు 2:
ఎర్త్ పట్టీ ఛాసిస్‌కు బిగించిన చోట తుప్పు, పెయింటు ఉంటాయి, చాలామంది అటు చూడరు. విప్పి ఎమెరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించండి, గ్రీజు ఆ తర్వాతే. క్లాంపుల మీది తెల్లపొడికి వంటసోడా కలిపిన వేణ్నీళ్లు చాలు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు చివర.

ఒక సవరణ: 9.6 కిందికి పడిన ప్రతిసారీ బ్యాటరీదే తప్పు కాదు. సెల్ఫ్ లోపలి ఇరుసును పట్టే బుష్‌లు అరిగి ఆర్మేచర్ (తిరిగే భాగం) రాసుకున్నా, ఇంజనే పట్టేసినా అలాగే పడుతుంది.

జవాబు 3:
'టక్' వినిపించిందంటే తాళం స్విచ్, క్లచ్ సేఫ్టీ స్విచ్ (క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ పడనిచ్చేది), సొలినాయిడ్‌కు వచ్చే సన్న వైరు పనిచేస్తున్నట్టే. వాటిని మార్చి డబ్బు తగలేయకండి. ('టకటకటక' అని ఆగకుండా కొట్టుకుంటే లెక్క వేరు: మోటారుకు కరెంటు అందగానే వోల్టేజి పడిపోయి సొలినాయిడ్ వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది. అది బ్యాటరీ, లేదా లూజు క్లాంపు.)

సొలినాయిడ్‌కు రెండు పెద్ద బోల్టులుంటాయి. బ్యాటరీ వైరు వచ్చే బోల్టు దగ్గర 12 ఉండి, మోటారులోకి వెళ్లే బోల్టు దగ్గర తాళం తిప్పినా సున్నా అంటే లోపలి రాగి కాంటాక్టులు కాలి గుంటలు పడ్డాయి. రెండిటి దగ్గరా 12 ఉండి తిరగకపోతే కార్బన్ బ్రష్షులు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు). పానా పిడితో మోటారు బాడీ మీద మెల్లగా తడితే తిరిగిందా, బ్రష్షులు అరిగినట్టే. గట్టిగా కొట్టొద్దు, మాగ్నెట్ రకం మోటారైతే మాగ్నెట్లు పగులుతాయి.

సొలినాయిడ్ దగ్గర స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి సెల్ఫ్ కొట్టడం మాత్రం వద్దు. క్లచ్ స్విచ్‌తో పనిలేకుండా ఇంజన్ అందుకుంటుంది, గేరులో ఉంటే పెద్ద చక్రం ముందు నిలబడ్డ మనిషి మీదికే వస్తుంది.