రెపో రేటు తగ్గినా గృహరుణ వాయిదా ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న – గుంటూరు సభ్యుడు

2021 జనవరిలో బ్యాంకు నుంచి 30 లక్షల రూపాయల గృహరుణం తీసుకున్నాను. అప్పటి వడ్డీ 6.75 శాతం, గడువు 20 ఏళ్లు, నెలసరి వాయిదా 22,811 రూపాయలు. 2025లో రిజర్వు బ్యాంకు నాలుగు దఫాలుగా రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని, 1.25 శాతం తగ్గించినా నా వాయిదాలో మార్పు రాలేదు. పైగా ఐదేళ్లు క్రమం తప్పకుండా కట్టిన తర్వాత కూడా 28 లక్షల 20 వేల అసలు మిగిలి ఉందని స్టేట్‌మెంటు చెబుతోంది. త్వరలో చీటీ డబ్బు 2 లక్షలు చేతికి వస్తుంది. అమ్మాయి ఇంజినీరింగు చదువు కూడా ముందుంది. వాయిదా తగ్గించమని బ్యాంకును అడగడం మంచిదా, చీటీ డబ్బును అప్పులో జమ చేయడం మంచిదా? నా వయసు 46.

సమాధానం 1 – విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

అయ్యా, మీరు వాయిదాను చూస్తున్నారు గానీ, మారుతూ వచ్చింది గడువు. మీరు అప్పు తీసుకున్ననాడు రెపో 4 శాతం ఉండేది. దానిపై బ్యాంకు 2.75 శాతం కలిపి మీకు 6.75 శాతానికి ఇచ్చింది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో 6.5 శాతానికి చేరడంతో మీ వడ్డీ 9.25 శాతమైంది. వాయిదా పెంచితే ఖాతాదారు ఇబ్బంది పడతాడని బ్యాంకులు సాధారణంగా గడువునే పొడిగిస్తాయి. ఆ రెండేళ్లూ మీరు కట్టిన ప్రతి వాయిదాలో 22 వేలకు పైగా వడ్డీకే పోయి, అసలుకు ఏడెనిమిది వందలు మాత్రమే జమ అయ్యాయి. ఇప్పుడు రెపో 5.25 శాతానికి దిగినా మీ వడ్డీ 8 శాతం దగ్గర ఉంటుంది. అంటే మీరు మొదలుపెట్టిన చోటి కన్నా ఇంకా ఒకటింబావు శాతం ఎక్కువే. ఈ లెక్కన ఇంకా సుమారు 262 వాయిదాలు మిగిలి ఉండాలి. మిగిలిన వాయిదాల సంఖ్యను మూడు నెలలకొకసారి తెలియజేయాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులోనే ఆదేశించింది కాబట్టి ఆ పత్రం అడిగి సరిచూసుకోండి.

సమాధానం 2 – విజయవాడ సభ్యురాలు, ఖాతాల పద్దులు రాసే వృత్తి

పై లెక్క సరైనదే. 262 నెలలంటే మీకు దాదాపు 68 ఏళ్లు వచ్చేదాకా కట్టడమే. ఉద్యోగ విరమణ తర్వాత వాయిదా ఎవరు కడతారన్నది ముందుగా ఆలోచించవలసిన విషయం. ఇలాంటి స్థితిలో వాయిదా తగ్గించమని అడగడం ఏ విధంగానూ తగదు.

మొదట బ్యాంకుకు వెళ్లి, రెపోపై మీకు కలుపుతున్న 2.75 శాతాన్ని తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. కొత్తవారికి తక్కువకు ఇస్తూ పాత ఖాతాదారులను పాత రేటులోనే ఉంచడం బ్యాంకులకు అలవాటు, అడగనివారికి ఎవరూ పిలిచి తగ్గించరు. మామూలుగా మూడేళ్లకొకసారే మార్చే ఆ భాగాన్ని అంతకు ముందే తగ్గించే వెసులుబాటును 2025 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు బ్యాంకులకు కల్పించింది కూడా. అర శాతం తగ్గినా, ఇదే వాయిదాతో గడువు 262 నెలల నుంచి 238 నెలలకు దిగుతుంది. తగ్గించకపోతే మరో బ్యాంకుకు మార్చుకోవచ్చు. అయితే ప్రాసెసింగు, న్యాయ పరిశీలన ఖర్చులు కలిపి చూసుకోవాలి.

చీటీ డబ్బులో ఒక లక్ష అసలుకు జమ చేస్తే, 8 శాతం వడ్డీ మీద దాదాపు 23 వాయిదాలు తగ్గుతాయి. వ్యక్తులకిచ్చిన మారే వడ్డీ గృహరుణాలకు ముందస్తు చెల్లింపుపై రుసుము ఉండదు.

సమాధానం 3 – వరంగల్ సభ్యుడు

లెక్కతో నాకు పేచీ లేదు గానీ, ఆ రెండు లక్షలూ అప్పులో వేయవద్దని నా అభిప్రాయం. జమ చేసిన డబ్బును మళ్లీ తీసుకోనిచ్చే ఓవర్‌డ్రాఫ్టు తరహా ఖాతా అయితే తప్ప, గృహరుణంలో వేసిన డబ్బు అవసరానికి వెనక్కి రాదు. ఫీజుల సమయంలో నగలు తాకట్టు పెట్టవలసి వస్తే, 8 శాతం అప్పు తీర్చుకోవడానికి అంతకన్నా ఎక్కువ వడ్డీకి కొత్త అప్పు చేసినట్లవుతుంది. మొదటి ఏడాది ఫీజు, కొన్ని నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టి, మిగిలినదే జమ చేయండి.

వడ్డీపై పన్ను మినహాయింపు పోతుందని ఎవరైనా వారిస్తే, మీరు ఏ పన్ను విధానంలో ఉన్నారో చూసుకోండి. సొంతంగా నివసించే ఇంటి వడ్డీకి 2 లక్షల వరకు లభించే మినహాయింపు పాత విధానంలోనే ఉంది, కొత్త విధానంలో లేదు.

ప్రశ్న అడిగిన సభ్యుడు

ధన్యవాదాలు. స్టేట్‌మెంటులో 261 వాయిదాలు మిగిలినట్లే ఉంది. వడ్డీ తగ్గింపు కోసం దరఖాస్తు ఇస్తాను, ఫీజు పోగా మిగిలేది జమ చేస్తాను. మా పక్కింటివారు ఒక గృహరుణ సంస్థలో అప్పు తీసుకున్నారు. వారికీ ఇదే వర్తిస్తుందా?

సమాధానం 1 – విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

పూర్తిగా వర్తించదు. 2019 అక్టోబరు నుంచి కొత్త గృహరుణాలను రెపో వంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టాలన్న నిబంధన బ్యాంకులకే ఉంది. గృహరుణ సంస్థలు తమ సొంత ప్రామాణిక రేటును అనుసరిస్తాయి కాబట్టి రెపో తగ్గుదల అక్కడికి ఎప్పుడు, ఎంత చేరుతుందన్నది ఆ సంస్థ నిర్ణయం. వారి ఒప్పందపత్రంలో ఆ రేటు పేరేమిటో చూసి ఇక్కడ రాయమనండి.