కరి మ్రింగిన వెలగపండు: ఇక్కడ కరి ఏనుగేనా?

వెలగ ఔషధ గుణాల మీద రాస్తుంటే సుమతీ శతకంలోని "సిరి దా వచ్చిన వచ్చును" పద్యం గుర్తొచ్చింది. సంపద పోయే తీరును చెప్పే చివరి పాదంలో "కరి మ్రింగిన వెలగపండు" తర్వాత "కరణిని"యా, "పగిదిని"యా?

— కరణిని. అసలు చిక్కు "కరి" దగ్గరుంది. గజం అంటే వెలగకాయకు పట్టే పురుగనీ, పెంకు చెదరకుండా గుజ్జు తినేస్తుందనీ కొందరంటారు. ఏనుగు మింగితే పెంకు మిగులుతుందా?

— అది సంస్కృతంలోని "గజభుక్త కపిత్థం" (గజం తిన్న వెలగపండు)కు చెప్పే అర్థం. మన కవి కరి అన్నాడు. కరం, అంటే తొండం, ఉన్నది కరి. పురుగుకు తొండమెక్కడిది?

— ప్రాస చూడండి, ప్రతి పాదంలో రెండో అక్షరం కలవాలి. "సిరి" అని ఎత్తుకున్నాక "గజ" పడదు, అందుకే కరి వచ్చింది. దాంతో అర్థం తేల్చలేం.

— మరి రెండో పాదంలో "సలలితముగ" ఉంది కదండీ! అక్కడ ర-లల అభేదం, అంటే ప్రాసలో ర, ల ఒకటే అనుకోవడం, పాటించాడు.

— కందంలో కరి అంటే నాకు పోతనే. "కరిఁ దిగుచు మకరి సరసికి" అనగానే ఆ లాగులాట అంతా చెవిలో వినిపిస్తుంది. ఎన్నిసార్లు చదివినా ఒళ్లు పులకరిస్తుంది.

— వైద్యం వైపు నుంచి ఒక మాట. భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథం ప్రకారం పచ్చి వెలగ వగరు, తేలిక, మలాన్ని కడుతుంది. విరేచనాలకు పచ్చికాయ గుజ్జు చెప్పింది అందుకే. పండు దప్పికను, ఎక్కిళ్లను తగ్గిస్తుంది, గొంతును శుభ్రం చేస్తుంది, కానీ "దుర్జరం", అంటే త్వరగా అరగదు. అలాంటి పండునూ ఖాళీ చేసే కడుపు ఏనుగుదే కావాలి. పురుగైతే పోలికకు ఆ బలం రాదు.

— గ్రహణి అనే పేగుల జబ్బుకు, అతిసారానికి వాడే కపిత్థాష్టక చూర్ణాన్నీ చేర్చండి. ఎనిమిది మందులుండి అష్టకం కాలేదు, వెలగ గుజ్జు ఎనిమిది పాళ్లు కనుక ఆ పేరు.

— ఏనుగుకూ వెలగకూ పొత్తు వినాయక శ్లోకంలోనూ ఉంది: "కపిత్థ జంబూ ఫలసార భక్షితం". సారమే తింటాడు, పెంకు మిగిలినట్టేగా!

— నేను నేర్చుకున్నది "ఫలచారు భక్షణం". భక్షితం అంటే తినబడినది. "గజాననం"కు విశేషణంగా అదెలా కుదురుతుంది?

— ఆహితాగ్ని గణంలో (సమాసంలో "భక్షిత" లాంటి పదం చివరికీ రాగల మాటల జాబితాలో) చేర్చి బహువ్రీహి, అంటే "ఫలసారం ఎవరిచేత తినబడిందో అతడు" అని, చెప్పుకోవచ్చు. అయినా "చారు" పాఠమే చెవికి హాయిగా ఉంది.