నల్లరేగడి చేలో మట్టి ఇల్లు: పునాది ఎలా?

ప్రశ్న: కర్నూలు జిల్లాలోని మా నల్లరేగడి చేనులో నాన్నగారూ నేనూ సొంతంగా రెండు గదుల మట్టి ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నాము. వేసవిలో అరచేయి దూరేంతగా నెర్రెలిచ్చే ఆ నేలలో పునాది ఎలా వేయాలి?

మొదటి జవాబు: నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోతుంది కనుక, నెర్రెలు దిగే లోతు దాటేవరకు తవ్వి, ఆ మట్టిని తీసివేసి, మొరాన్ని పొరలు పొరలుగా పోస్తూ, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో గట్టిపరచండి. తీసిన మట్టిని గోడలకు వాడవద్దండీ, ఎర్రమట్టి తెప్పించుకోండి.

రెండవ జవాబు: మేము ఎర్రమట్టిలో వరిగడ్డి ముక్కలు కలిపి, వారం మాగబెట్టి తొక్కాము, రోజుకు మూరెడు ఎత్తుకు మించి గోడ పెట్టలేదు. చూరు మాత్రం తగ్గించకండి. మేము తగ్గించినందున, మొదటి వానాకాలంలోనే పడమటి గోడ అడుగుభాగం చినుకుల చిందుకు కరిగిపోయింది.

అడిగినవారు: కృతజ్ఞతలండీ. గోడ అడుగున రాతికట్టు ఎంత ఎత్తు ఉండాలి?

రెండవ జవాబు రాసినవారు: నేలకు రెండడుగుల ఎత్తు వరకు కట్టుకోండి.