కొత్త ల్యాప్‌టాప్‌కి యాంటీవైరస్ కొనాలా? షాపతను తప్పనిసరి అంటున్నాడు

రాయగడ_టీచర్
అందరికీ నమస్కారం. మా పాప ప్లస్ టూలో చేరింది, ల్యాప్‌టాప్ కొన్నాం. విండోస్ 11. యాంటీవైరస్ లేకుండా నెట్ పెట్టొద్దని షాపతను ఒకటే చెప్పడం. లోపల అప్పటికే ఏదో ట్రయల్ ఉంది, గంటకోసారి ‘మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది’ అని ఎర్ర బాక్స్ వస్తోంది. పాప భయపడి మూసేస్తోంది. యాంటీవైరస్ కొనాలా? ఈ ట్రయల్‌ని ఏం చెయ్యాలి? ఇందులోనే మావారు బ్యాంకు పని చేసుకోవచ్చా?

పర్లాకిమిడి_స్టూడియో
కొనేయండమ్మా, ఆలోచించకండి. 2021 మేలో నాకు జరిగింది పగవాడికి కూడా వద్దు. పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేసి పెళ్లి ఫోల్డర్ తెరిస్తే ఫోటోలు లేవు, అన్నీ తెల్ల కాగితం బొమ్మలే. ప్రతి ఫైలు పేరు చివర అర్థం లేని నాలుగు అక్షరాలు అతికి ఉన్నాయి. ఫోల్డర్ ఫోల్డర్‌కీ ఒక రీడ్‌మీ: 980 డాలర్లు కట్టు, 72 గంటల్లోపు కడితే 490. నాలుగేళ్ల పని అది. కాశీనగర్ నుంచి ఆల్బమ్ కోసం వచ్చిన అమ్మాయి మా స్టూడియోలో కూర్చుని ఏడ్చింది. పెళ్లయిన నెలకే వాళ్ల తాతగారు పోయారు, ఆయన ఆఖరి ఫోటోలు అవే.

బల్లార్షా_సిస్టమ్స్
అన్నా, బాధ అర్థమైంది. కానీ టీచర్‌గారికి తప్పు దారి చూపిస్తున్నారు. నేను పుణెలో 12 ఏళ్లు ఇదే పని చేసి వచ్చాను. 980, 490 అన్న అంకెలు చూస్తేనే చెప్తాను, అది స్టాప్ డీజేవూ రకం రాన్‌సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్. అది ఎక్కువగా క్రాక్ సాఫ్ట్‌వేర్ వెంట వస్తుంది. మీరు ఏదో క్రాక్ వేసుంటారు.
టీచర్‌గారూ, 2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అనే ఉచిత యాంటీవైరస్ లోపలే ఉంటోంది. ఆ ట్రయల్ తీసేస్తే అది దానంతటదే ఆన్ అవుతుంది. ఇంట్లో వాడకానికి అది చాలు. ఆ డబ్బు పెట్టి, ముఖ్యమైన ఫైళ్ల కాపీలు దాచుకోవడానికి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి.

పర్లాకిమిడి_స్టూడియో
మీరు నా కంప్యూటర్ చూశారా? చూడకుండా దొంగ సాఫ్ట్‌వేర్ అని నలుగురిలో ఎలా అంటారు?

సిరొంచ_జెరాక్స్
ఇంటర్‌నెట్ సంగతి సరే, మా దగ్గర వైరస్ అంటే పెన్‌డ్రైవే. ఫారాలు నింపే సీజన్‌లో రోజుకు 30, 40 పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతా. ఫోల్డర్ బొమ్మ మూలకు చిన్న బాణం గుర్తు ఉన్నదంటే అది ఫోల్డర్ కాదు, షార్ట్‌కట్. డబుల్ క్లిక్ కొట్టిన్రంటే అంటుకున్నట్టే. అసలు ఫైళ్లు ఎక్కడికీ పోవు, దాచిపెడుతది అంతే. పిల్లలు ఫార్మాట్ కొట్టి సర్టిఫికెట్లన్నీ పోగొట్టుకుంటున్నరు, జర ఆగండి! కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ కమాండ్ కొడితే మళ్లీ కనిపిస్తయ్. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్లది, పెన్‌డ్రైవ్‌లను అదుపులో పెట్టే యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతది, నేను అదే పెట్టిన. టీచరమ్మా, మీ పాప జెరాక్స్ షాపుకు పోతే పెన్‌డ్రైవ్ ఇయ్యొద్దనుండి, మెయిల్‌లో పంపమనుండి. నా షాపైనా సరే.

ధర్మాబాద్_మిర్చి
మాది మిర్చి అడత్. క్విక్‌హీల్ 9 ఏళ్లుగా వాడుతున్న, ఏటేటా డబ్బు కడుతున్న. మన పుణె కంపెనీ. విండోస్ 7 మీద ఇప్పటికీ లెక్కలు నడుస్తున్నయ్, ఒక్క రోజు ఆగలేదు. 2017లో వన్నాక్రై అనే రాన్‌సమ్‌వేర్ వచ్చినప్పుడు ఊరంతా కంప్యూటర్లు బంద్ పెట్టుకుని కూర్చుంటే నాది నడిచింది. డబ్బు పెడితేనే భద్రత. ఫ్రీగా వచ్చేది ఫ్రీ లెక్కనే పని చేస్తది.

బల్లార్షా_సిస్టమ్స్
విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్‌లు, 2020 జనవరి 14న ఆగిపోయింది. గోడ కూలిపోయిన ఇంటికి ఖరీదైన తాళం వేసి ఏం లాభం? వన్నాక్రై పట్టింది కూడా ఎక్కువగా విండోస్ 7నే. దానికి మందు రెండు నెలల ముందే, మార్చిలోనే, అప్‌డేట్‌గా వచ్చింది. అప్‌డేట్ చేసుకున్నవాళ్లు బతికారు. మీరు తప్పించుకున్నది యాంటీవైరస్ వల్లనని ఎలా చెప్తారు? ఆ మెషీన్‌ని ఇవాళే నెట్ నుంచి పీకేయండి.

ధర్మాబాద్_మిర్చి
తమ్మీ, మర్యాదగా మాట్లాడు. నా ఇల్లు కూలిందని నువ్వెవరివి చెప్పనీకి? కొత్త మెషీన్ కొని, పాత సాఫ్ట్‌వేర్ అందులో నడవకపోతే 15 ఏళ్ల రైతుల ఖాతాలు నువ్వొచ్చి రాస్తవా?

బల్లార్షా_సిస్టమ్స్
ఇల్లు అన్నది కంప్యూటర్‌ని, మిమ్మల్ని కాదు. ఖాతాలు పోతాయన్న భయంతోనే చెప్తున్నాను. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది.

బరంపురం_కోడలు
మీరంతా వైరస్ అంటున్నారు. మా మామగారికి వైరస్ రాలేదు, ఫోన్ వచ్చింది. బ్యాంకు నుంచి అన్నారు, స్క్రీన్ చూపించే యాప్ వేయించారు, ఓటీపీ వాళ్లే చదువుకున్నారు. డబ్బిచ్చి కొన్న యాంటీవైరస్ పక్కనే పచ్చ టిక్కు పెట్టుకుని ఉంది. తన చేత్తో తనే పర్మిషన్ ఇచ్చాక అది ఏం ఆపుతుంది? అదృష్టం, మా ఆడపడుచు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది. కొంత సొమ్ము మధ్యలో ఆగింది. గంటలు గడిచాక చేసుంటే అదీ దక్కేది కాదు. టీచర్‌గారి బ్యాంకు ప్రశ్నకు ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు, అందుకని రాస్తున్నాను. చేసుకోవచ్చండి, కానీ ఫోన్‌లో ఎవరు చెప్పినా ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యొద్దని మీవారికి గట్టిగా చెప్పండి.

పర్లాకిమిడి_స్టూడియో
రాత్రంతా ఆలోచించాను. అబద్ధం ఎందుకు, క్రాకే. శుభలేఖల కోసం తెలుగు ఫాంట్ల ప్యాకేజీ. యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చెయ్యమని అందులోనే రాసి ఉంది, ఆపాను. ఇక్కడ ఏడాదికి పది తెలుగు కార్డులు కూడా రావు, మిగతావన్నీ ఒడియా. ఆ పదింటి కోసం అంత డబ్బు పెట్టలేక, అలాగని తెలుగు కార్డు వెయ్యలేనని చెప్పడానికి మనసొప్పక వేశాను.

సిరొంచ_జెరాక్స్
అన్నా, ఇప్పుడు ఆ బాధ లేదు. రామభద్ర, మండలి, సూరన్న, గురజాడ ఫాంట్లు యూనికోడ్‌లో ఫ్రీ, గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నయ్. మా ఊళ్లో తెలుగు, మరాఠీ రెండూ ఉండే కార్డులు వాటితోనే చేస్తున్న. శీర్షికకు రామభద్ర మస్తుగుంటది.

బరంపురం_కోడలు
పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు వేస్తే ఒత్తులు విడిపోతాయండి. మా పట్టుచీరల కొట్టు బోర్డుకి ‘వస్త్రాలు’ అని రాస్తే మూడు ముక్కలైంది. కొత్త వెర్షన్ ఉండాలి.

రాయగడ_టీచర్
ట్రయల్ తీసేశాను, డిఫెండర్ ఆన్ అయింది. ఎర్ర బాక్సులు లేవు. సెట్టింగుల్లో రాన్‌సమ్‌వేర్ ప్రొటెక్షన్ అని ఒకటి ఆఫ్‌లో ఉంది, పెట్టమంటారా?

బల్లార్షా_సిస్టమ్స్
పెట్టండి, టీచర్‌గారూ. మామూలుగా అది ఆఫ్‌లోనే వస్తుంది. పెట్టాక తెలియని ప్రోగ్రాములు మీ డాక్యుమెంట్లను, ఫోటోలను మార్చలేవు. ఒక్కోసారి మంచి ప్రోగ్రామును కూడా ఆపేస్తుంది, అప్పుడు మీరే అనుమతి ఇవ్వాలి.
స్టూడియో అన్నా, ముందు నేను మాట తూలాను, క్షమించండి. ఆ డిస్క్ పారేశారా? ఆ రీడ్‌మీలో చివర ఒక పర్సనల్ ఐడీ ఉంటుంది. అది టీ1తో ముగిస్తే ఆఫ్‌లైన్ తాళంతో, అంటే నెట్ అందనప్పుడు ఆ వైరస్ వాడే ఉమ్మడి తాళంతో, లాక్ అయినట్టు. అలాంటివాటిని ఎమ్‌సీసాఫ్ట్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ల ఉచిత టూల్ కొన్నిసార్లు విప్పుతుంది. ఖాయంగా వస్తాయని మాత్రం చెప్పలేను.

పర్లాకిమిడి_స్టూడియో
పారెయ్యలేదు. గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. కరెంటు రాగానే చూస్తాను.

పర్లాకిమిడి_స్టూడియో
చూశాను తమ్ముడూ. చివర టీ1 ఉంది. ఇప్పుడు ముందుగా ఏం చెయ్యాలి?