ఉత్తర అంటారియోలో చేపల వేట: గైడున్న లాడ్జా, మనమే ఉండే క్యాబినా?

కొత్తగాలం:
వచ్చే ఆగస్టులో నలుగురం వారం రోజులు కెనడాలోని ఉత్తర అంటారియో వెళ్దామనుకుంటున్నాం. సరస్సు దాకా రోడ్డు లేదు, నీళ్ల మీద దిగే ఫ్లోట్‌ప్లేన్‌లో దింపి వెళ్తారు. చూసినవి రెండు. ఒకటి లాడ్జి: గైడు, భోజనం, పడవ అన్నీ వాళ్లవే. రెండోది అవుట్‌పోస్ట్ క్యాబిన్: సరస్సు మొత్తానికి అదొక్కటే ఇల్లు, పడవలు మాత్రం ఇస్తారు. లాడ్జికి ఖర్చు బాగా ఎక్కువ. వాలై, పైక్ చేపల కోసం వెళ్తున్నాం. నలుగురిలో ఇంతకుముందు గాలం పట్టింది నేనొక్కడినే. ఏది మేలంటారు?

ఒంటరితెడ్డు:
అవుట్‌పోస్టే. ఇందులో ఆలోచించడానికేముంది? గైడుంటే చేపను వెతికేది అతను, ఎర గుచ్చేది అతను, నోట్లోంచి గాలం ఊడదీసేది అతను. మీ పనల్లా ఫోటోకి నవ్వడం. వాలైని వెతకడం బ్రహ్మవిద్యేం కాదు. దాని కళ్లు మసక వెలుతురుకు తయారైనవి. ఎండెక్కితే లోతుకు పోతుంది, పొద్దు వాలాక రాతిగుట్టల అంచులకు వస్తుంది. జిగ్, అంటే తలకు సీసం బరువున్న గాలం, అడుగు తగిలేదాకా దించి మెల్లగా ఎగరేస్తూ ఉండండి. పైక్ కోసం గాలానికి ముందు స్టీల్ లీడర్ (ఉక్కు తీగ ముక్క) కట్టండి, లేదంటే పళ్లతో దారం కోసేస్తుంది. నేను ఆరుసార్లు వెళ్లాను, గైడు మొహం చూడలేదు.

పులుసుముక్క:
పట్టి తింటారా, వదిలేస్తారా? ముందు అది తేల్చండి.

ఏటిఒడ్డు:
ఆరుసార్లు వెళ్లినాయనకు అక్కర్లేదు కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లకూ అక్కర్లేదా? బాగుంది. గైడు కావాల్సింది చేప కోసం కాదండీ, రాయి కోసం. మూడేళ్ల కింద మేమూ అవుట్‌పోస్టుకే వెళ్లాం. ప్లాన్ చేసినాయన "గైడు దండగ" అన్నాడు. రెండో రోజు సాయంత్రం, పైకి కనపడని రాతికి ప్రొపెల్లర్ తగిలింది. పాత మోటారు, షియర్ పిన్ తెగింది. ప్రొపెల్లర్‌ను ఇరుసుకు పట్టి ఉంచే, అగ్గిపుల్లంత లోహపు ముక్క అది. మోటారు రయ్యిమంటోంది, పడవ మాత్రం కదలదు. స్పేర్ పిన్ను క్యాబిన్ గోడకు వేలాడుతున్న డబ్బాలో ఉందని మర్నాడు తెలిసింది. ఎదురుగాలిలో తెడ్లు వేసి వేసి ఒక దీవికి చేరి, పడవ బోర్లించి దాని కింద రాత్రంతా పడుకున్నాం. గైడుంటే ఆ రాయి ఎక్కడుందో అతనికి తెలిసేది.

ఒంటరితెడ్డు:
మీ కథలో తప్పు గైడు లేకపోవడం కాదు. స్పేర్ పిన్ను పడవలో లేకపోవడం.

నీటిపక్షి:
మధ్యలో ఒక మాట. మీరు అమెరికా నుంచి భారత పాస్‌పోర్టుతో వెళ్తుంటే, హెచ్1బీ వాళ్లకు కెనడా వీసా కావాలి, ఇప్పుడే అప్లై చేయండి. గ్రీన్‌కార్డు వాళ్లకు అక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. గాలి, పొగమంచు, అడవి మంటల పొగ, వీటిలో ఏదున్నా ఫ్లోట్‌ప్లేన్ రాదు. 2023 ఆగస్టులో మంటల వల్ల కెనడా ఉత్తరాన ఉన్న యెల్లోనైఫ్ ఊరు మొత్తాన్ని ఖాళీ చేయించారు. క్యాన్సిలేషన్ షరతులు చదివాకే అడ్వాన్స్ కట్టండి.

పులుసుముక్క:
నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు.

ఒంటరితెడ్డు:
అంటారియోలో రెండు రకాల లైసెన్సులున్నాయి. స్పోర్ట్ లైసెన్సుకు చాలా జోన్లలో నాలుగు వాలైలు ఉంచుకోవచ్చు, కన్జర్వేషన్ లైసెన్సుకు రెండే. రెండోది చవక. అది తీసుకుని, మధ్యాహ్నం ఒడ్డున వేయించుకోవడానికి రెండు ఉంచుకుని మిగతావి వదిలేయండి. నేను వదిలినవన్నీ హాయిగా ఈదుకుంటూ పోయాయి.

నీటిపక్షి:
పోవడం వేరు, బతకడం వేరు సార్. నీళ్లలో తేలడానికి వాలై ఒంట్లో ఉండే గాలితిత్తికి బయటికి దారి ఉండదు. ముప్పై అడుగుల లోతు నుంచి గబగబా లాగితే లోపలి గాలి ఉబ్బుతుంది, ఒక్కోసారి కడుపు నోట్లోకి పొడుచుకొస్తుంది. లేక్ ట్రౌట్ అయితే ఆ గాలిని నోటి గుండా వదిలేసుకోగలదు, దీనికి ఆ వీలు లేదు. కాబట్టి వదిలే ఉద్దేశం ఉంటే లోతులో వాలైని పట్టకపోవడమే మంచిది.

ఒంటరితెడ్డు:
ఆరు ట్రిప్పుల్లో నీళ్లమీద చచ్చి తేలిన చేప నేనొక్కటి కూడా చూడలేదు.

నీటిపక్షి:
చూడటానికి మీరు అక్కడే కూర్చున్నారా?

పులుసుముక్క:
అందుకే అంటున్నా, తినండి.

ఏటిఒడ్డు:
చేప పొట్ట గురించి ఇంత చర్చ, మనుషుల గురించి మాత్రం ఎవరికీ పట్టదు. "తప్పు పిన్నుది" అన్నారు చూడండి, ఆ రోజు మా ప్లానర్ కూడా అచ్చం ఇదే మాట అన్నాడు.

ఒంటరితెడ్డు:
మీకు పడవ నడపడం రాకపోతే రాదని చెప్పండి, అందరూ గైడు పెట్టుకోవాలనకండి.

ఏటిఒడ్డు:
నాకేం వచ్చో రాదో నీకు తెలుసా? మాటలు జాగ్రత్త.

కొత్తగాలం:
అయ్యా, ఇద్దరూ ఆగండి. నేను చెప్పని విషయం ఒకటుంది. మాలో ఒకాయనకు నిరుడు స్టెంట్ వేశారు. డాక్టరు వెళ్లొచ్చన్నారట. నాకొక్కడికే చెప్పాడు, మిగతా ఇద్దరికీ తెలీదు. ఫోన్ సిగ్నల్ లేనిచోట కూడా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ తీసుకెళ్తే సరిపోతుందా?

ఏటిఒడ్డు:
ఇదా అసలు సంగతి! అయితే అవుట్‌పోస్టు మాట మర్చిపోండి. బటన్ నొక్కితే పోయేది మెసేజ్. విమానం తెల్లారాకే వస్తుంది, అదీ ఆకాశం బాగుంటే.

ఒంటరితెడ్డు:
లాడ్జికి వచ్చేదీ అదే విమానం కదా, అక్కడేమన్నా చీకటి పడదా? గైడేమన్నా గుండె డాక్టరా?

ఏటిఒడ్డు:
గైడు సంగతి వదిలెయ్. పడవలో ఉన్న మిగతావాళ్లకు తెలియాలా వద్దా? ఆ దీవి మీద మాలో ఒకాయన చేతులు వణుకుతుంటే చలికనుకున్నాం. అర్ధరాత్రి చెప్పాడు, షుగర్ ఉందనీ, సాయంత్రం ఇన్సులిన్ వేసుకునే బయల్దేరాడనీ. పడవలో తిండి లేదు. చివరికి నా రెయిన్‌కోటు జేబులో రెండు చాక్లెట్లు దొరికాయి, ఎప్పటివో. ప్లాన్ చేసినాయనకు ఆ షుగర్ సంగతి ముందే తెలుసు. మాకు చెప్పలేదు. తెలిసుంటే పొద్దువాలాక అవతలి ఒడ్డుకు పోనిచ్చేవాణ్నా? మూడేళ్లయింది, నేనాయనతో మాట్లాడట్లేదు.

ఒంటరితెడ్డు:
చెప్తే ఏమవుతుందో నన్నడుగు. నాకూ స్టెంట్ ఉంది. చెప్పాను. ఆ ఏడాది నుంచి మా గుంపు నన్ను పిలవడం మానేసింది. "నీ మంచికే" అన్నారు. వాళ్లు సరస్సు నుంచి తిరిగొచ్చి పెట్టిన ఫోటోలు ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాను. ఆరు ట్రిప్పులన్నాను కదా, చివరి రెండూ మా అబ్బాయితో వెళ్లినవి. ఆయన ఎందుకు దాస్తున్నాడో నాకు బాగా తెలుసు.

కొత్తగాలం:
నిజమే. "చెప్తే నన్ను వదిలేసి పోతారు" అన్నాడు. సరిగ్గా ఈ మాటే.

ఏటిఒడ్డు:
మీ సంగతి తెలీక ఏదో అనేశాను, ఏమనుకోకండి. కానీ ఒకటి అడుగుతాను. పడవలో ఎదురుగా కూర్చునే మీ అబ్బాయికి తెలుసు కదా?

ఒంటరితెడ్డు:
తెలుసు.

కొత్తగాలం:
నేనుగా ఎవరికీ చెప్పను. ఈ రాత్రికి ఆయనతోనే మాట్లాడతాను, మిగతా ఇద్దరికీ ఆయనే చెప్పేలా. చెప్పాకే బుకింగ్. లాడ్జా క్యాబినా అన్నది నలుగురం కూర్చుని తేల్చుకుంటాం.

ఒంటరితెడ్డు:
నాలుక కింద పెట్టుకునే మాత్రలు డాక్టరు రాసి ఉంటే రెండు చోట్ల పెట్టమనండి. ఒక సీసా క్యాబిన్‌లో, ఒకటి ఒంటిమీద, గుండీ ఉన్న జేబులో. లైఫ్‌జాకెట్ జేబు వద్దు, పడవ దిగగానే దాన్ని విప్పేస్తాం. పక్కనున్నవాళ్లకు ఆ జేబు చూపించమనండి.

ఏటిఒడ్డు:
షియర్ పిన్నులు కూడా. రెండు. పడవలో.